కనీసం ముగ్గురు

జొన్న బీరు పులియడానికి నాలుగు రోజులు పడుతుంది. జట్టును ప్రకటించడానికి ఎన్ని రోజులు పడుతుందో సెలెక్టర్లకే తెలియదు. అందుకే లిండెల్వా నాయనమ్మ, పేరు మామ్‌టోలో, వాళ్ళ కోసం ఆగలేదు. మనవరాలు క్రికెట్ ఫైనల్ ఆడడం ఖాయమనుకుని మంగళవారమే పీపాలో పిండి కలిపేసింది. శనివారం మేకని కోస్తాం, పశువుల దొడ్డి దగ్గరికి రమ్మని ఊరంతా కబురు పెట్టేసింది. చనిపోయిన పెద్దలకు చెప్పుకోకుండా పిల్ల దక్షిణాఫ్రికా తీరాన ఉన్న ఈస్ట్ లండన్ వెళ్ళి బంతి వేస్తే ఇంకేమైనా ఉందా!

శుక్రవారం సాయంత్రం జట్టు తేలింది. అందులో లిండెల్వా లేదు.

కోచ్ హెన్నీ ఫోన్లో తియ్యగానే చెప్పాడు. "అంచుదాకా వచ్చావమ్మా. నల్లజాతి అమ్మాయిలు కనీసం ముగ్గురుండాలి కదా, ఆ ముగ్గురూ అయిపోయారు. ఈసారికి లెక్క సరిపోయింది."

లిండెల్వాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళుగా ఆమె ఎప్పుడు తడబడినా జట్టులో ఎవరో ఒకరు "కోటా కదా" అని గొణిగేవాళ్ళు. వినీ వినీ ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు అదే కోటా ఆమె మొహాన తలుపేసింది. ఈ సీజన్లో అందరికంటే ఎక్కువ వికెట్లు ఆమెవే. దక్షిణాఫ్రికా జట్టును ఎంచేవాళ్ళు వచ్చి చూసేది ఈ ఒక్క మ్యాచే.

"నానమ్మా, నేను జట్టులో లేను. జనాన్ని రావద్దని చెప్పు."

"పులిసిన బీరుని పులియొద్దని కూడా చెప్పనా? వెళ్ళి మేకకి గడ్డెయ్యి."

"రేపు కోసేదానికి గడ్డెందుకే?"

"రేపటిదాకా దానికి ఆకలెయ్యదా?"

శనివారం ఊరు ఊరంతా దిగింది. సెలెక్షన్ కమిటీ పెద్ద కూడా వచ్చాడు. ఆయన పేరు మ్జుకిసి. ఆ పేరుతో ఆయన్ని పిలిచేది బ్యాంకువాళ్ళే, మిగతావాళ్ళంతా వంశం పేరుతో గాట్యేని అంటారు. లిండెల్వాదీ అదే వంశం. పిల్లని పక్కనపెట్టిన మర్నాడే ఆ ఇంటి గడప తొక్కడం ఎవరికి మాత్రం ఇష్టం? కానీ సొంత వంశంవాళ్ళ పిలుపు కాదంటే రేపు తన చావుకి ఎవరొస్తారు? అందుకని టోపీ కిందికి లాక్కుని వచ్చి, దొడ్డిలో మగవాళ్ళ మధ్య ఓ మూల కూర్చున్నాడు. బీరు నింపిన రేకు డబ్బా చేతులు మారుతూ ఆయన దాకా వచ్చింది.

మామ్‌టోలో కోడలిగా వచ్చిన మనిషి. అత్తవారి దొడ్డిలో అడుగు పెట్టకూడదు. అందుకని గేటు దగ్గర నిలబడింది. గొంతుకి ఆ అడ్డు లేదు.

"గాట్యేని పెద్దలారా! మీ పిల్ల రేపు ఫైనల్ ఆడబోతోంది. దాని చేతికి తోడుండండి..."

కమిటీ పెద్దకి పొలమారింది. "అమ్మా మామ్‌టోలో, ఆగాగు. పిల్ల ఆడటం లేదు."

"ఏం, చెయ్యి విరిగిందా?"

"లేదమ్మా. మన పిల్లలు కనీసం ముగ్గురుండాలని రూలు. ముగ్గురయ్యారు."

"ఓహో. నేనూ అన్నాలే మా ఆడపడుచుతో, కనీసం ముగ్గురైనా రాకపోతే బీరు పారబొయ్యాల్సిందేనని. అట్లాగని ముగ్గురు రాగానే ఈ గేటు మూశానా? మూసుంటే నువ్వెక్కడుండేవాడివి నాయనా? ఆఖర్న వచ్చింది నువ్వే!"

దొడ్డంతా గొల్లున నవ్వింది. కర్రలు నేలకేసి కొట్టారు.

"ఆ రూలు పెట్టింది మన పిల్లల్ని లోపలికి పిలవడానికా, బయట నిలబెట్టడానికా? సరే, ఇది చెప్పు. పెద్దలు వింటున్నారు. పిల్ల బౌలింగ్ ఎట్లా ఉంది?"

చేతిలో పెద్దల బీరు పెట్టుకుని అబద్ధమాడే ధైర్యం ఆయనకి లేదు. "దానంత బౌలర్ ఆ జట్టులో ఇంకొకరు లేరు" అన్నాడు తల వంచుకుని. "ఆ మాట మీటింగ్‌లో అనలేకపోయాను. మా వంశం పిల్లని నెత్తిన పెట్టుకున్నానంటారని భయపడ్డాను."

మాంసం గిన్నెల దగ్గరున్న లిండెల్వాకి ఏడుపు తన్నుకొచ్చింది. రెండేళ్ళలో ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు మరి.

ఆయన డబ్బా పక్కవాడి చేతిలో పెట్టి, సిగ్నల్ దొరికే దిబ్బ ఎక్కాడు. అక్కణ్ణుంచి హెన్నీ మీద అరుస్తూ చేతులు ఊపడం కింద అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆయన దిగొచ్చేసరికి మేక ఉడికింది, జట్టు మారింది.

ఆదివారం పొద్దున మైదానంలో, చోటు పోగొట్టుకున్న తెల్లమ్మాయి మార్లీజ్ లిండెల్వాకి ఎదురొచ్చింది. "బాధగానే ఉంది. కానీ వికెట్లు నీవే ఎక్కువ, నాకు తెలుసు" అని చెయ్యి కలిపింది. లిండెల్వాకి సగం బరువు దిగింది. మిగతా సగం డ్రెస్సింగ్ రూమ్‌లో తనే దించుకోబోయింది.

"బబాల్వా, ఇవాళ నన్నెవరూ కోటా అనలేరే. ముగ్గురూ అయ్యాక వచ్చిన నాలుగోదాన్ని!"

ముందే ఎంపికైన ముగ్గురిలో బబాల్వా ఒకతె. బూట్లు కట్టుకుంటున్న ఆమె చేతులు ఆగాయి. "అంటే ఆ కోటా ముగ్గురం మేమా?"

లిండెల్వా నాలుక కరుచుకుంది. ఎవరో తన మీద వేసిన బురదని తనే దోసిలితో తీసి పక్కదాని మీద పోసింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

ఆ వంచిన తల చూసి బబాల్వా ఫక్కున నవ్వింది. బంతి తీసి ఆమె ఒళ్ళోకి విసిరింది.

"లేవే. నలుగురం ఒక్కసారే దిగుదాం. నాలుగోది ఎవరో, కోటా అనేవాళ్ళనే తేల్చుకోమను."