మైనం తొడుగు

పొద్దున్నే అచ్చులమ్మ చేతులు ఆమె మాట వినవు. వినడం మానేసి నాలుగేళ్ళయింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి పావుగంట. పళ్ళు తోముకునే బ్రష్షును పిల్లాడు గరిటె పట్టుకున్నట్టు పిడికిలితో పట్టుకుంటుంది. గ్లాసయితే రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తుతుంది. కీళ్ళవాతం అని పేరు చెప్పడం తేలిక. దానితో తాళం తీసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ఆమెది కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో అచ్చుల పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని కాబట్టి అచ్చులమ్మ అయింది. రేకు అచ్చుల్లో కాగిన మైనం పోస్తారు. ఆ అచ్చులు చల్లనీళ్ళ తొట్టిలో నిలబడి ఉంటాయి. మైనం గట్టిపడగానే ఆమె మోచేతుల దాకా నీళ్ళలో చేతులు పెట్టి అచ్చు పైకి తీయాలి, చెక్క మీద రెండుసార్లు తట్టాలి, వత్తి పట్టుకుని కొవ్వొత్తిని లాగాలి. మళ్ళీ నీళ్ళలో చెయ్యి. రోజుకి ఎనిమిది గంటలు. ఇళ్ళల్లో వెలిగే ప్రతి కొవ్వొత్తి వెనకా ఇట్లా నానిన చెయ్యి ఒకటుంటుంది. వెలిగించేవాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పరు.

తొట్టి దగ్గర మొత్తం పదిమంది ఆడవాళ్ళు. ఏ ఒక్కరి వేళ్ళూ తిన్నగా లేవు. అయినా పని నడుస్తోందంటే కారణం తుక్కు మైనం. విరిగిన కొవ్వొత్తులూ గీకిన పెచ్చులూ కరిగించే వెడల్పాటి గిన్నె ఒకటి మూలనుంటుంది. పొద్దున ఏడున్నరకి, సైరన్ మోగకముందే, అందరూ దాని చుట్టూ చేరతారు. చెయ్యి ఓర్చుకునే వేడిలో మైనం ఉండగా ముంచి తీస్తారు, ఆరనిస్తారు, మళ్ళీ ముంచుతారు. ఏడుసార్లు ముంచేసరికి చేతికి తెల్లటి తొడుగు పడుతుంది. పది నిమిషాలు అట్లా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంటారు. లోపల కీలు కీలుకీ వెచ్చదనం దిగుతుంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు, సిగ్గుపడ్డట్టు. తర్వాత తొడుగు ఊడదీసి మళ్ళీ గిన్నెలోనే వేస్తారు. మధ్యాహ్నం దాకా వేళ్ళు వంగుతాయి.

సూపర్‌వైజరుకి ఇది తెలుసు. తెలిసీ అటు తిరిగి బీడీ వెలిగించుకుంటాడు. ఎందుకు అడ్డుపడతాడు? మైనం మళ్ళీ గిన్నెలోకే పోతుంది, అచ్చులు మధ్యాహ్నం దాకా టకటకా లేస్తాయి. యజమానికి పైసా ఖర్చు లేని వైద్యం. నొప్పి వీళ్ళది, మందు వీళ్ళు కనిపెట్టుకున్నది, లాభం ఆయనది.

ఏడాదికోసారి ఫ్యాక్టరీకి డాక్టరొస్తాడు. ఎవరి కీళ్ళు పాడయ్యాయని రాస్తాడో వాళ్ళకి చీటీ వస్తుంది. చీటీ వస్తే చుట్టుడు గదిలోకి మార్చాలి. పొడి గది, కుర్చీలు, కొవ్వొత్తులకి కాగితం చుట్టే పని, జీతం అదే. ఈ రూలు గేటు పక్కన అద్దం వెనక వేలాడుతోంది. ఐదేళ్ళలో తొట్టి దగ్గరనుంచి చీటీ దక్కింది ఒక్కరికి. అచ్చులమ్మ నాలుగుసార్లు డాక్టరు ముందు నిలబడింది. నాలుగుసార్లూ 'పనికి తగును' అని రాసి పంపాడు.

ఎందుకో కనిపెట్టింది లాయరమ్మ. ఆమె లాయరేం కాదు, తొట్టి దగ్గర అచ్చులమ్మ పక్కన నిలబడే మనిషి. ప్రతిదానికీ వాదన వేసుకుంటుందని ఆ పేరు.

"వదినా, ఎంత తెలివితక్కువ వాళ్ళం మనం" అంది సోమవారం నాడు. "ఏడున్నరకి మైనం తొడుక్కుంటాం. పదింటికి డాక్టరొస్తాడు. పదింటికి మన వేళ్ళు హార్మోనియం వాయించేటట్టుంటాయి. వాడు మాత్రం ఏం రాస్తాడు?"

"మరి తొడుక్కోకపోతే పని ఎట్లా?"

"మూడు రోజులు. మంగళ, బుధ, గురు. గురువారం పొద్దున డాక్టరు. నీ చేతులు ఎట్లా ఉంటాయో అట్లానే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టు. నీ వాటా అచ్చులు నేను సగం లాగుతాను."

"నీకేం, నువ్వూ మైనం మానొచ్చుగా?"

"నాకింకా ముదరలేదమ్మా. ఇద్దరి చేతులూ ఒకేసారి పడిపోతే వాడు నాటకమనుకుంటాడు. ఈ ఏడు నువ్వు, వచ్చే ఏడు నేను. కానీ వదినా, నడుమ మెత్తబడ్డావా, నిన్ను తొట్టిలో ముంచుతాను."

మొదటి రోజు ఫర్వాలేదు. మిగతావాళ్ళు గిన్నె చుట్టూ కూర్చుంటే ఆమె గోడకేసి తిరిగి కూర్చుంది. రెండో రోజుకి బొటనవేలి మొదలు ఉల్లిగడ్డంత వాచింది. అచ్చు పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు, వదిలితే వదిలినట్టు తెలియదు, ఆ రెంటికీ మధ్య నొప్పి ఒక్కటే తెలుస్తుంది. మూడు అచ్చులు జారి నేల మీద పడ్డాయి. సూపర్‌వైజరు తల తిప్పి చూశాడు. లాయరమ్మ తనవే జారాయని గట్టిగా సణిగింది.

ఇంట్లో భర్త ఉన్నాడు. గడియారాలు బాగుచేసేవాడు. ఇంటి ముందు గదిలోనే బల్ల. నువ్వుగింజంత మరమేకుని రెండువేళ్ళతో ఎత్తి దాని గుంటలో కూర్చోబెట్టగలడు. అట్లాంటి వేళ్ళున్న మనిషి పక్కన ఇట్లాంటి వేళ్ళతో బతకడం ఒక రకం శిక్ష.

బుధవారం సాయంత్రం ఆమె చేతిలోంచి పళ్ళెం జారింది. అతను కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి చూశాడు.

"ఏమే, చేతులు ఇట్లా అయ్యాయేం? మైనం పెట్టుకోవట్లేదా?"

"గిన్నెకి చిల్లు పడిందట. బాగుచేయిస్తున్నారు."

"ఎన్నాళ్ళు?"

"రేపో ఎల్లుండో."

అతనికి నిజం చెప్పలేదు. చెబితే వద్దంటాడు. చీటీ లేకపోతే పోయింది, నువ్వు ఏడుస్తుంటే నేను చూడలేనంటాడు. అయినా నొప్పి దాచడం ఆమెకి కొత్తా? సూపర్‌వైజరు దగ్గర దాచింది, చుట్టాల దగ్గర దాచింది, పిల్లకి పెళ్ళయి వెళ్ళేదాకా పిల్ల దగ్గర దాచింది. పనిచేసుకుని బతికే ఆడదానికి ఎవరూ నేర్పకుండా వచ్చే విద్య అది. సరిగ్గా ఆ విద్యే ఆమె కొంప ముంచింది.

గురువారం తెల్లవారుజామున కాస్త కునుకు పట్టిందో లేదో, అతను భుజం తట్టి లేపాడు. వంటగదిలోంచి మైనం వాసన. సొరుగుల్లో, అలమరాల్లో, పాత సంచుల్లో ఉన్న కొవ్వొత్తి ముక్కలన్నీ ఏరి, వత్తులు లాగేసి, వేన్నీళ్ళ మీద గిన్నె పెట్టి కరిగించాడు. బుడగ లేవకుండా, మోచేయి పెట్టి చూసుకుంటూ చల్లార్చాడు. గడియారం బాగుచేసినంత ఓపిగ్గా.

"లే. నేనుండగా నువ్వు వాళ్ళ గిన్నె కోసం చూడటమేంటి?"

వద్దండీ అనే మాట నోటిదాకా వచ్చింది. అతను అప్పటికే ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని మెల్లిగా గిన్నెలోకి దించాడు. రెండు రోజుల చలి, రెండు రోజుల నీళ్ళు, రాత్రంతా కొరుక్కున్న దిండు, అన్నీ ఒక్కసారి వదిలాయి. చెయ్యి వెనక్కి లాక్కోవడానికి ఒక్క క్షణం టైముంది. లాక్కోలేదు. ఎడమచెయ్యి ఆమే పెట్టింది.

"ఏడుస్తున్నావా?" అన్నాడతను.

"వేడి."

"ఎక్కువైందా?"

"లేదు. ఉండనీండి."

ఏడున్నరకి లాయరమ్మ ఆమె చేతులు చూడగానే విషయం అర్థం చేసుకుంది. గోళ్ళ సందుల్లో మైనం ఉంది.

"ఎవరు?"

"ఆయన."

"చెప్పలేదా?"

"లేదు."

లాయరమ్మ ఆ మైనాన్ని గోటితో గీకేసింది. ఇంటాయన మంచివాడైతే ఇన్ని తిప్పలుంటాయని తనకి తెలియదంది. "మా ఆయనైతే గిన్నె ఎక్కడుందో కూడా ఎరగడు. ఆ లెక్కన నేనే నయం." అచ్చులమ్మని తొట్టి వైపు నెట్టింది. "పద. నీళ్ళలో పెట్టు. భుజాల దాకా పెట్టు. రెండున్నర గంటలుంది."

ఆమె పెట్టింది. అచ్చులున్నా లేకపోయినా తొట్టి అడుగు దాకా చేతులు దించి నిలబడింది. ఏళ్ళ తరబడి నొప్పి వద్దు వద్దని దండం పెట్టుకున్న మనిషి ఆ పొద్దు నొప్పిని రారమ్మని బతిమాలింది. రాలేదు. మైనం పట్టు మధ్యాహ్నం దాకా వదలదని ఆమెకి తెలియనిదా.

డాక్టరు పదింటికి ఆఫీసు గదిలో కూర్చున్నాడు. పదిమందికీ కలిపి అరగంట.

"పిడికిలి ముయ్యండి." మూసింది. "తెరవండి." తెరుచుకుంది. ఆమె ఆపుదామనుకుంది, నటిద్దామనుకుంది. ఇన్నేళ్ళూ లేదని నటించిన మనిషికి ఉందని నటించడం చేతకాలేదు. వాపు కూడా నీళ్ళలో నానినందుకే అన్నట్టు కనిపించింది, అంతే.

"నొప్పుందా?"

"ఉంది సార్."

"ఎక్కడ?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "ఇప్పుడు కాదు సార్. రోజూ పొద్దున. నిన్న పళ్ళెం పట్టుకోలేకపోయాను."

"ఇప్పుడు ఎట్లా ఉందో రాయాలి నేను." రాశాడు. చెడ్డవాడేం కాదు, కలం మూతపెడుతూ సలహా కూడా ఇచ్చాడు. "వేడి కాపడం పెడుతుండండి. అసలు మీ దగ్గర మైనం ఉందిగా, గోరువెచ్చగా చేసి అందులో ముంచితే కీళ్ళకి చాలా మంచిది."

ఆమె సరే సార్ అంది. ఇంకేమంటుంది?

పన్నెండున్నరకి మైనం పట్టు వదిలింది. రెండున్నర గంటలు చన్నీళ్ళలో పెట్టిన అప్పు మొత్తం నొప్పి ఒకేసారి వసూలు చేసుకుంది. అచ్చులమ్మ అచ్చు పైకి తీసింది, చెక్క మీద ఒకసారి తట్టింది, రెండోసారి తట్టలేకపోయింది. వేళ్ళు అచ్చు చుట్టూ బిగుసుకుపోయాయి. వదలమంటే వదలవు. లాయరమ్మ చూసింది, ఆమె మోచేయి పట్టుకుని అచ్చుతో సహా వాకిట్లోకి లాక్కెళ్ళింది. మిగతా షెడ్లవాళ్ళని కూడా చూడటం ముగించి డాక్టరు కారు తలుపు తీస్తున్నాడు.

"సార్, ఇప్పుడు చూడండి. ఇప్పుడు ఎట్లా ఉందో రాయాలన్నారటగా."

అచ్చులమ్మ చెయ్యి చాచింది. రేకు అచ్చులోంచి నీళ్ళు కారి అతని బూట్ల పక్కన పడుతున్నాయి. డాక్టరు అచ్చు లాగబోయాడు. ఆమె నోట్లోంచి వచ్చిన శబ్దానికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చూశాడు. ఈసారి నిజంగానే చూశాడు. తర్వాత సూపర్‌వైజరు వైపు చూశాడు.

"రిజిస్టరు సంతకమైపోయిందండీ" అన్నాడు సూపర్‌వైజరు. "ఆఫీసుకి వెళ్ళిపోయింది."

"వచ్చే ఏడాది ముందుగా ఈమెనే పిలవండి" అన్నాడు డాక్టరు. కారు వెళ్ళిపోయింది.

"వచ్చే ఏడాది పొద్దున్నే వస్తారా సార్?" అని లాయరమ్మ గేటు దాకా అరుస్తూ వెళ్ళింది. "ఏడింటికి రండి, ఆరింటికి రండి." తొట్టి దగ్గర మిగతా ఎనిమిదిమందీ కలిసి అచ్చులమ్మ వేళ్ళని ఒక్కొక్కటే విడదీశారు. అచ్చులో కొవ్వొత్తి చెక్కుచెదరలేదు. సూపర్‌వైజరు దాన్ని తీసుకెళ్ళి మంచివాటిలో వేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద గిన్నె సిద్ధంగా ఉంది. అతను మైనాన్ని గుడ్డలో వడగట్టి శుభ్రం చేశాడు, ఇంకో పొట్లం కొవ్వొత్తులు కొనుక్కొచ్చాడు. ఆమె ఫ్యాక్టరీవే.

"పొద్దున మైనం పనిచేసిందా?" అన్నాడు, కాస్త గర్వంగానే.

"చేసింది."

"చెప్పానా."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఇంకా దాచొచ్చు. దాస్తే అతను సంతోషంగా ఉంటాడు. ఇన్నేళ్ళ అలవాటు ఆమెని అట్లా పట్టుకునుంది, మధ్యాహ్నం వేళ్ళు అచ్చుని పట్టుకున్నట్టు.

"ఏమండీ, గిన్నెకి చిల్లు పడలేదు" అంది.

మొత్తం చెప్పింది. అతను గరిటె తిప్పడం ఆపేశాడు. పొయ్యి ఆర్పబోయాడు.

"ఆర్పకండి."

"మరి చీటీ?"

"వచ్చే ఏడాది ఇదే వారం. అప్పుడు నేను కాళ్ళు పట్టుకుని అడిగినా పెట్టకండి. ఏడ్చినా పెట్టకండి. ముందే చెబుతున్నాను."

"నావల్ల కాదే" అన్నాడతను.

"నావల్లా కాలేదు. అందుకే ఇద్దరం నేర్చుకోవాలి." ఆమె రెండు చేతులూ గిన్నె వైపు చాచింది. వేళ్ళు ఇంకా ఆ అచ్చు ఉన్నంత గుండ్రంగానే వంగి ఉన్నాయి. "దానికి ఏడాది ఉంది. ఇవాళ్టికి ముంచండి."