ఇంజనుకి మసి

మా ఆయన పోయాక నేను ఏడవలేదని హుస్సేనీ ఆలంలో మా వీధి వీధంతా బెంగపెట్టుకుంది. ఏడ్చేవాళ్ళని ఓదార్చడం సులువు. వీపు నిమిరి "ఊరుకో అమ్మా" అంటే సరిపోతుంది. ఏడవనిదాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. వచ్చినవాళ్ళు కాసేపు నా మొహం చూసి, కాసేపు గోడమీద క్యాలెండరు చూసి, మా అత్తయ్య ఇచ్చిన కాఫీ తాగి లేచేవాళ్ళు. వెళ్తూ మెట్ల దగ్గర గుసగుసలాడేవాళ్ళు. నాకు వినబడాలనే ఆడేవాళ్ళేమో, అన్నీ వినబడేవి.

ఇంటివాళ్ళావిడ రుక్మాబాయి మాత్రం గుసగుసల మనిషి కాదు. వాళ్ళకి బేగంబజార్లో ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. కింద వాళ్ళుండి, పైన రెండు గదులూ డాబా మాకు అద్దెకిచ్చారు. ఆవిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, నా ఎదురుగా చతికిలబడి, మొహం మీదే అడిగేది.

"ఏంది బిడ్డా, గిట్ల బొమ్మలెక్క కూసుంటె ఎట్ల? ఒక్కపారి గట్టిగ ఏడ్వరాదు? దిల్ హల్కా అయితది."

"రావట్లేదండీ," అనేదాన్ని.

నిజంగానే రావట్లేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది పొడిస్తే దవడ ఎలా ఉంటుందో, నేను మొత్తం అలా ఉన్నాను. అన్నం తింటున్నాను. మొఘల్‌పురాలో ఆడపిల్లల బడికి వెళ్ళి డ్రాయింగ్ పాఠం చెబుతున్నాను. వంకాయ బొమ్మకి వెలుగు ఎటునుంచి పడుతుందో, నీడ ఎటు పడాలో నల్లబల్ల మీద గీసి చూపిస్తున్నాను. పిల్లలు కూడా నన్ను చూసి అల్లరి మానేశారు. అదొక్కటే లాభం.

మా ఆయన పేరు వెంకటనారాయణ. మీటరు గేజి మీద ప్యాసింజరు బండి ఇంజను నడిపేవారు. ఆ వేసవిలో ఒకనాడు దారిలో ఉండగా బాయిలరు గొట్టం పగిలి, ఆవిరంతా ఆయన నిలబడ్డ చోటికి ఎగదన్నింది. ఫైర్‌మన్ సీమోను బొగ్గు కోసం వెనక టెండరు వైపు తిరిగి ఉన్నాడు కాబట్టి చేతులు కాలి బయటపడ్డాడు. ఈయన బయటపడలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు, తీసుకెళ్ళారు. ఆ రోజు నేను ఎటు చూస్తూ కూర్చున్నానో నాకే తెలీదు.

ఆయన వదిలి వెళ్ళినవాటిలో ఒక ఇత్తడి ఇంజను ఉంది. తను నడిపే ఇంజనునే చూసి చూసి చేశారు. రుక్మాబాయి దుకాణంలో మిగిలిన రేకుముక్కలు తెచ్చుకుని, సెలవు దొరికినప్పుడల్లా డాబా మీద కూర్చుని కోసి, ఆకురాయితో అరగదీసి, మాటు వేసి అతికి, ఏళ్ళ తరబడి చేశారు. ఇంజను మూరెడు, దాని వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు ఇంకో జానెడు. చక్రాలు తిరుగుతాయి. అన్నీ అయ్యాయి, రంగు ఒక్కటే మిగిలింది.

రంగు నా వంతు. ఆ సంగతి మీద మాకెప్పుడూ పోట్లాటే. నల్లగా నిగనిగలాడేలా వేసి, అంచులకి ఎర్రగీత తీసి, పెళ్ళికూతురిలా తయారుచేస్తానని నేను. వద్దని ఆయన.

"మసి, బూడిద, నూనె జిడ్డు, తుప్పు, అన్నీ ఉండాలి హైమా. అప్పుడే అది పనిచేసే ఇంజను. నిగనిగలాడేది మంత్రిగారొచ్చిన రోజున దండేసే ఇంజను."

"ఇంట్లో పెట్టుకునే వస్తువుకి ఎవరైనా డబ్బిచ్చి తుప్పు పూస్తారా?"

"నువ్వు పూస్తావు. మొగుడు చెప్పినమాట ఒక్కటైనా వినాలిగా, ఇదే వినేయ్. మిగతావన్నీ మాఫీ."

బడి తెరిచాక ఒక ఆదివారం అట్టపెట్టెలోంచి ఇంజను తీశాను. నా లెక్క ఒకటే. ఇది ఆయన అడిగినట్టు పూర్తిచేస్తే ఏడుపు వస్తుంది. ఎందుకలా అనుకున్నానంటే చెప్పలేను, ఇంకో దారి కనబడలేదు, అంతే. ఇదీ కాకపోతే బతికినన్నాళ్ళూ ఇలాగే ఉండిపోతానేమోనని భయం. ఆ భయం కూడా పక్కింటి రేడియోలా ఎక్కడో వినబడేది.

ఇత్తడికి జిడ్డు ఉంటే రంగు పట్టదు. ఇంజను నిండా ఆయన వేలిముద్రలున్నాయి. చెమటకి నల్లబడి, బాయిలరు మీద బొటనవేలి గుర్తు రేఖలతో సహా తెలుస్తోంది. నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, ఆరబెట్టాను. ముద్రలు పోయాయి. పోతున్నాయని తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఏమీ అనిపించలేదు.

మొదట ఎర్రటి ఆక్సైడు రంగు పల్చగా వేశాను. అది ఆరాక దీపపు మసిని టర్పెంటైనులో నూరి, కొంచెం నల్లరంగు కలిపి, బొగ్గుతో గీసిన బొమ్మలు చెరిగిపోకుండా లక్కనీళ్ళు ఊదడానికి మా డ్రాయింగు వాళ్ళం వాడే గొట్టంతో నోటితో ఊదాను. కుంచెతో వేస్తే చారలు పడి బొమ్మలా ఉంటుంది. ఊదితే మెరుపు లేకుండా, నిజంగా పొగ పట్టినట్టు దిగుతుంది. సాయంత్రానికి నోరూ ముక్కూ నల్లబడేవి. ఆ తర్వాత అసలు పని మొదలైంది. పొగగొట్టం చుట్టూ బూడిదరంగు. మేకుల వరసల కింద ఇటుకరంగు తుప్పు. చక్రాల కడ్డీల దగ్గర కుట్టుమిషను నూనె ఒక్కొక్క బొట్టు. రుక్మాబాయి వాళ్ళ పొయ్యిలోంచి జల్లించిన బూడిద ఇంజను మెట్ల మీద. ఇంజనూ టెండరూ విడివిడిగా పెట్టుకుని, ముందు ఇంజను పని పట్టాను. చెయ్యి బాగానే కుదురుతోంది. ఏ పనైనా మనసు పెట్టి చెయ్యాలంటారు గానీ, మనసు లేకపోతేనే చెయ్యి వణకదని నాకప్పుడు తెలిసింది.

మా అత్తయ్య సీతారావమ్మ వంటింటి గడప మీద నిలబడి చూసేది. తెనాలి నుంచి కొడుకు వెంట ఈ ఊరొచ్చిన మనిషి. మొదటి రోజుల్లో కడుపు చించుకుని ఏడ్చి, ఆ తర్వాత నోరు కట్టేసుకుని ఇంటిపనిలో పడింది.

"ఇత్తడికి రంగెయ్యడమే తప్పు. పైగా మురికి పూస్తున్నావేవిటే?"

"మీ అబ్బాయి కోరికండీ."

ఆవిడ లోపలికి వెళ్ళి గిన్నెలతో గట్టిగా చప్పుడు చేసింది.

ఇంజను దాదాపు అయిపోయిన రోజున సీమోను వచ్చాడు. చేతులు మాని, కొత్త చర్మం లేత గులాబీరంగులో ఉంది. కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడుతున్నవాడు, బల్లమీద ఇంజను చూసి ఆగిపోయాడు. వంగి చూశాడు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, గీడ బాయిలరు మీద తెల్లగ సున్నం చారలుండాలె. నీళ్ళు కారి కారి గట్లయితుండె. అన్న షెడ్డుకు ఎన్ని పార్లు రాసిచ్చినా కారుడు బంద్ కాలె."

చాక్‌పీసు గీకి, తడి కుంచెతో అక్కడే రెండు చారలు దింపాను. సీమోను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గదే అక్కా. మా ఇంజనే."

వంటింటి గడప మీంచి అత్తయ్య అడిగింది. "ఆ రోజు ఇలాగే ఉందా నాయనా?"

"గిట్లనే ఉండె అమ్మా. మస్తు గలీజ్‌గ ఉండె."

అంతే. కాఫీ కూడా తాగలేదు, డ్యూటీ ఉందని మెట్లు దిగిపోయాడు. అతనికా రోజు డ్యూటీ లేదని నాకు తెలుసు.

నేను బల్ల ముందు కూర్చున్నాను. ఎలా ఉండాలన్నారో అలాగే ఉంది. చూసినవాడే ఒప్పుకున్నాడు. ఇంక రావాలి. బస్సు కోసం చూసినట్టు ఏడుపు కోసం చూశాను. రాలేదు. టెండరు ఉందిగా ఇంకా, దానికి బొగ్గుపొడి చల్లాలి, అదయ్యాక వస్తుందేమో అనుకుని దీపం ఆర్పి పడుకున్నాను.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి బల్లమీద టెండరు ఒక్కటే ఉంది.

డాబా మీదికి వెళ్ళాను. అత్తయ్య కొంగు నడుముకి దోపి, పెద్ద బేసిను ముందు పీటేసుకుని కూర్చుంది. పక్కన ఉతుకుడు సోడా పొట్లం, పీచు, చింతపండు. బేసినులో నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఆవిడ ఒళ్ళో ఇంజను పచ్చగా మెరుస్తోంది. పొద్దుటి నుంచి సోడానీళ్ళలో నానబెట్టి, ఊడొచ్చిన రంగంతా పీచుతో గీకేసింది. సున్నం చారలు లేవు, తుప్పు లేదు, బూడిద లేదు.

నాకు కోపం వచ్చింది. ఎన్నో రోజుల తర్వాత నాలో కదిలింది అదే. కాళ్ళ నుంచి తల దాకా మంటలా వచ్చింది.

"ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని?" అని అరిచాను. పెళ్ళయి వచ్చాక ఆవిడ మీద గొంతెత్తడం అదే మొదలు. "చెంబనుకున్నారా, గంగాళమనుకున్నారా తోమడానికి? ఆయన నన్ను అడిగింది అదొక్కటే. అదొక్కటీ కూడా మిగల్చరా నాకు?"

కింద నుంచి రుక్మాబాయి గొంతు. "ఏందే పైన లొల్లి? ఏమయింది హైమమ్మా?"

అత్తయ్య తోమడం ఆపలేదు. చక్రాల సందులో పీచు దూర్చి, నిదానంగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు తిప్పుతోంది. చింతపండు ఉండ అలాగే పొడిగా ఉంది. గిన్నెలో నురగ తేలుతున్నది కుంకుడు రసమని అప్పుడు చూశాను.

"వాణ్ణి తెచ్చిన రోజు నన్ను ముట్టుకోనిచ్చారా?" అంది, తలెత్తకుండా. "చుట్టిన గుడ్డలు విప్పొద్దన్నారు. పైన నాలుగు చుక్కలు చల్లించి స్నానం అయిపోయిందన్నారు, ఎత్తుకుపోయారు. ఎన్నేళ్ళు డ్యూటీ చేసినా, ఏ వేళప్పుడొచ్చినా, ఒంటిమీద మసితో వాణ్ణి గడప తొక్కనిచ్చానా నేను? వీపు రుద్ది నీళ్ళు పోశాకే గదా వాడికి అన్నం. ఆ ఒక్క రోజే మసితో పంపించాను. నువ్వేమో ఆ రోజు మసే తెచ్చి, మళ్ళీ వాడికి పూసి, నా కళ్ళెదురుగా బల్లమీద పెట్టావు. ఎట్లా చూడనే నేను?"

కోపం ఎటు పోయిందో తెలీదు. లోపలికి వెళ్ళి టెండరు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, తీసుకుని బేసినులో పెట్టుకుంది.

నల్లనీళ్ళు పారబోసి, స్నానాల గదిలో బాయిలరు కింద ఇంకా నిప్పులున్నాయని అందులోంచి బకెట్టుతో వేణ్ణీళ్ళు తెచ్చాను. చెంబు ముంచాను. అత్తయ్య ఇంజను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వేడివి వద్దే, హైమా. చన్నీళ్ళు తే. వాడికి ఇంక వేడి తగలకూడదు."

తొట్టిలోంచి చన్నీళ్ళు ముంచుకొచ్చాను. ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుని, వంచాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. చెంబు పట్టుకోలేకపోయాను, నీళ్ళు సగం నా మీదే పడ్డాయి. అత్తయ్య ఊరుకో అనలేదు. చెంబు కింద తన చెయ్యి ఆనించి, "పొయ్యి," అంది. "ఇంకా పొయ్యి."