ఏడో నెలలో ఈతకొలను

క్లోరిన్ వాసన. వెచ్చటి ఆవిరి. నీలం గచ్చు మీద వణికే వెలుగు...

నా చంకలో ఎనిమిది నెలల పిల్లాడు. నెత్తి మీద పసుపుపచ్చ టోపీ.

తల మీద పట్టుమని పది వెంట్రుకలు లేవు. అయినా టోపీ పెట్టాల్సిందేనట — కొలనులో వెంట్రుకలు రాలకూడదని రూలు. ఆ టోపీ కింద వాడి మొహం గుప్పెడంత అయింది. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని.

ఈ రోజు నవ్వు రావడం లేదు.

ఏడో నెల. మా హువాలియెన్ ఊళ్ళో, చాంద్రమానం లెక్కన వచ్చే ఈ నెల చనిపోయినవాళ్ళది. వస్తారు, తిరుగుతారు, పెట్టింది తింటారు, నెలాఖరుకు వెళ్ళిపోతారు. ఈ నెలలో ఎవరూ నీళ్ళలో దిగరు. నీళ్ళలో పోయినవాళ్ళు తమ చోట ఇంకొకరిని పెట్టిగానీ బయటికి రాలేరట...

అందుకే కొలను ఖాళీ. అందుకే పసిపిల్లల క్లాసులో మాకు చోటు దొరికింది. వచ్చే నెల నేను ఆఫీసుకు వెళ్ళాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

నాకు భయం లేదని కాదు. ఉంది. గుండెల నిండా ఉంది.

కానీ మా ఆయనకు ముప్ఫై ఆరేళ్ళు. స్నానాల తొట్టిలో కూడా నీళ్ళు మోకాళ్ళు దాటనివ్వడు. వాళ్ళ అన్న తొమ్మిదేళ్ళ వయసులో ఏటిలో మునిగి పోయాడు. ఆ తర్వాత అత్తయ్య ఈయన్ని వాన గుంటలో కూడా కాలు పెట్టనివ్వలేదు.

ఆ భయం నా కొడుక్కి రాకూడదు. నాకు కావలసింది అంతే.

అత్తయ్య గట్టు పక్కన బల్ల మీద కూర్చుంది, ఒళ్ళో వాడి తువ్వాలు పెట్టుకుని. రావద్దంటే వచ్చింది.

"దిగు తల్లీ, దిగు. చదువుకున్నదానివి. నా మాటెందుకు వింటావు?"

"ఇది ఏరు కాదత్తయ్యా. నా నడుం లోతు కూడా లేదు."

"ఏ నీళ్ళైనా నీళ్ళే. ఒక్కటి మాత్రం విను. వాడి పేరు పెట్టి పిలవకు. వాళ్ళు వింటారు. ఏ పేరు వింటే ఆ పేరువాణ్ణే పిలుచుకుపోతారు."

"మరేమని పిలవను?"

"పందిపిల్లా అను. పందిపిల్లనెవడు ఎత్తుకుపోతాడు!"

ఈత నేర్పే కువో టీచర్ విని కిసుక్కున నవ్వింది. "అలాగే బామ్మగారూ! రావోయ్ పందిపిల్లా, చూద్దాం నీ ప్రతాపం!"

వాడి పేరు నేను ఇక్కడ కూడా రాయడం లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఒక మెట్టు. రెండు మెట్లు. నీళ్ళు పాదాలు తాకాయి — వేళ్ళు ముడుచుకున్నాడు. బొడ్డు తాకాయి — ఊపిరి బిగబట్టాడు. తర్వాత... నవ్వాడు. అరచేత్తో నీళ్ళని టపీమని కొట్టాడు.

నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. నా వేళ్ళు మాత్రం వాడి చంకల కింద బిగుసుకునే ఉన్నాయి.

"అంత గట్టిగా నొక్కేస్తే ఎలాగమ్మా?" అంది టీచర్. "వేళ్ళు కాస్త వదులు చెయ్."

వదులు చేశాను. కాస్త. ఒక్క కాస్త.

వాడు సంబరంగా ఎగిరాడు. తడి ఒళ్ళు... జారాడు.

పసుపుపచ్చ టోపీ నీళ్ళ కిందికి వెళ్ళింది.

రెప్పపాటే అంది తర్వాత టీచర్. కాదు. నా చేతులకు నీళ్ళే దొరికాయి — నీళ్ళు, నీళ్ళు — ఆ తర్వాత వాడి భుజం.

అప్పుడే గట్టు మీంచి కేక.

"జుయ్-షాన్!"

అది నా కొడుకు పేరు కాదు.

మా ఇంట్లో, పోయినవాళ్ళ పేర్లు రాసి పూజించే పలక మీద ఆ పేరు చదివాను. పెళ్ళై ఆరేళ్ళు. ఎవరి నోటా వినలేదు. అది మా ఆయన అన్న పేరు.

పిల్లాడు దగ్గాడు. తుమ్మాడు. కొలను దద్దరిల్లేలా ఏడుపు అందుకున్నాడు. అబ్బా, ఎంత మంచి ఏడుపు! వాణ్ణి మెడకేసి అదుముకున్నాను. నాకూ ఏడుపొచ్చింది.

అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. పిలవకూడదన్న మనిషే పిలిచింది. నీళ్ళ పక్కన. ఈ నెలలో.

కాసేపటికి చెయ్యి తీసేసింది. చెప్పులు విడిచి, గట్టు చివరికి వచ్చి కూర్చుంది.

"జుయ్-షాన్..." ఈసారి నెమ్మదిగా, వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి పిలిచినట్టు. "ఎంతసేపురా ఆ నీళ్ళలో? చాల్లే, వచ్చెయ్ నాన్నా. అన్నం చల్లారిపోతోంది."

తువ్వాలు విప్పి రెండు చేతులా చాచింది.

నేను గట్టు దాకా నడిచాను. ఏడుస్తున్న నా పిల్లాణ్ణి పైకెత్తి ఆ తువ్వాలులోకి అందించబోయాను.

ఆవిడ అందుకోలేదు. ఆవిడ చూపు నా భుజం మీదుగా, వెనక నీళ్ళ మీద ఉంది.

నేను వెనక్కి తిరగలేదు. వాణ్ణి ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను.

"అత్తయ్యా... ముందు వీణ్ణి తీసుకోండి."