వెనక సీటు బరువు

ఖాళీ బండిల టైరుకు, మీది మడ్‌గార్డుకు నడుమ నా రెండు వేళ్లు పట్టినయి.

"సూసినవ్ గదా, ఇగ పా," అన్నడు మా కొడుకు ధనుంజయ్. నిజామాబాద్‌ల బోధన్ రోడ్డు మీది టైర్ల దుకాణంల, కారుకున్న కంపినీ చక్రాలు ఇప్పించి వెడల్పు అల్లాయ్ చక్రాలు బిగిపిచ్చిండు. దుకాణపాయన రవీందర్ ముందుగాలనే చెప్పిండు: గేటు దాటి రోడ్డెక్కితే చక్రాలు వాపస్ తీసుకోడట.

నాకు పానం ఆగలే. మా ఊరి నుంచి నా మనుమరాలు సంజన రోజు ఈ కార్లనే బోధన్‌ల బడికి పోతది. చెరుకు లారీలు తిరిగి తొవ్వంత గుంతలే. గుంతల పడ్డప్పుడు టైరు రాసుకొని పగిలితే? పక్కపొంటి లారీ ఉంటే?

"బిడ్డా, బరువుకు బండి కుంగుతది. అందరం కూసున్నంక నడిపి సూడు," అన్న.

రవీందర్ నవ్విండు. "ఏం అవ్వ, నువ్వేమన్న బ్రేక్ ఇన్‌స్పెక్టరువా? ఎంత చదివినవ్?"

"అయిదు. సీట్ల కూసునుడుకు గంత సాలదా?"

"ఊకోరాదే అవ్వా, ఇజ్జత్ తీస్తున్నవ్!" కొడుకు పండ్లు కొరికిండు. "పెండ్లికి పోతే పందిరి కూలుతదంటవ్, మొగులైతే పిడుగు పడుతదంటవ్. నీ నోట్లె ఒక్క మంచి మాటన్న వస్తదా?"

అది అబద్ధం కాదు. అయినా పోయి వెనక సీట్ల కూసున్న. కోడలు జ్యోతిరాణి సంజనను తీసుకొని నా పక్కకొచ్చింది. ధనుంజయ్ ఆమెను మింగేటట్టు సూసిండు.

గేటు లోపట మోరి కాల్వ మీద బండలు ఎత్తుగ ఉన్నయి. ధనుంజయ్ కావాలనే బండిని జోరుగ ఎక్కించి దించిండు. వెనక జర్రుమన్నది. సంజన నన్ను గట్టిగ పట్టుకున్నది. దిగి సూస్తే కొత్త టైరు అంచుకు రబ్బరు పొట్టు లేసింది.

"గంత జోరుగ దించితే ఏ బండైనా తాకుతది," అన్నడు రవీందర్. "వెనక మనుషుల్ని తక్కువ కూసోబెట్టుకోన్రి, ఏం కాదు."

"ఎవల్ని దించుమంటవ్?"

"నిన్నే." అన్నది రవీందర్ కాదు, నా కొడుకు. "ఆడోళ్లకు బస్సు ఫిరీగనే ఉన్నది, అండ్ల రా."

టైర్లు ఇప్పెటోళ్లు కిసకిస నవ్విన్రు. నేను సంచి సంకల పెట్టుకున్న.

"నేనెక్క. పోరి గూడ ఈ బండెక్కది."

"అది నా బిడ్డ. చెప్పనీకి నువ్వెవతివి?"

"కన్నదాన్ని నేను," అన్నది జ్యోతిరాణి. సంజనను దించింది. "పా, అత్తమ్మా."

"గట్లనే సావున్రి!" అని ఒర్లుకుంట ధనుంజయ్ గేటు దాటించి రోడ్డెక్కిండు.

బస్సుల సీటు దొరకలే. ఎక్కడన్న మా కారు బోర్ల పడ్డదా అని నేను కిటికీల నుంచి రోడ్డు పక్క గుంతలన్ని సూసుకుంట వచ్చిన. జ్యోతిరాణి మాత్రం కండక్టరమ్మను అడుగుతున్నది, పొద్దున బడి యాళ్లకు బోధన్‌కు బస్సు ఎప్పుడని.

"ఉన్నది గని, నిలవడుడే," అన్నదామె.

"మా పోరి నిలవడ్తది," అన్నది జ్యోతిరాణి.

నేను తలుపు దిక్కు సూసిన. ఫుట్‌బోర్డు మీద మొగోళ్లు ఒకల మీద ఒకలు యాలాడుతున్నరు. రేపు సంజన గూడ గట్లనే యాలాడుతదేమో అని పోరి రెక్క గట్టిగ పట్టుకున్న.