దున్నపోతు మరక

లాండ్రీ అక్క నోరు మంచిది కాదని వీధి వీధంతా తెలుసు. పొద్దున్నే షట్టర్ ఎత్తుతూ ముందు ఆ షట్టర్‌నే తిట్టేది. తర్వాత పాలతన్ని, ఆ తర్వాత కూతుర్ని. సన్నాసి, మొద్దు, దున్నపోతు... ఇంతకంటే పెద్ద తిట్లు పాపం ఆమె దగ్గర లేవు.

తిట్టు తగిలితే బట్ట మీద నీలం మరక పడేది. ఆ ఊళ్ళో అది మామూలే. మనసు నొచ్చుకోకపోతే వెంటనే ఆరిపోయేది, నొచ్చుకుంటే సబ్బు పెట్టాల్సి వచ్చేది. అక్క తిట్టిన మరక పాలతను పక్కింటి గుమ్మం చేరేలోపే మాయమయ్యేది. ఆమె ఏమీ అనని రోజున, "ఏంటక్కా, ఒంట్లో బాలేదా?" అని అడిగేవాడు కూడా.

ఇస్త్రీ పనికి పరాయి దేశం నుంచి ఒకతను వచ్చి కుదిరాడు. మాట తక్కువ, పని నెమ్మది. అతను ఇస్త్రీ చేసిన కాలరు సాయంత్రం దాకా నిలబడేది. అక్క కూతురు అతన్నే చేసుకుంటానంది. అక్క లోపల మురిసిపోయి, "నీ మొహానికి అతనే ఎక్కువ," అంది పైకి. కూతురి చున్నీ మీద పడ్డ మరక ఆమె నవ్వేలోపే ఆరిపోయింది.

ఒక మధ్యాహ్నం అతను భోజనం సంగతే మరిచిపోయి పనిలో మునిగిపోయాడు.

"తిండి మానేసి ఎవర్ని ఉద్ధరిద్దామనిరా, దున్నపోతా! రా, వచ్చి తిను," అని కేకేసింది అక్క.

అతని తెల్లచొక్కాకి ఎడమవైపు మరక పడింది. అతను తలొంచుకుని తిన్నాడు. భోజనాలు అయ్యాక కూడా మరక ఆరలేదు.

మర్నాడు అతని సంచి గుమ్మం పక్కన ఉంది. ఉతికి మడతపెట్టిన చొక్కా బల్ల మీద ఉంది, మరకతో సహా.

"సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడటమ్మా," అంది కూతురు. "వాళ్ళ దేశంలో మనిషిని పశువు పేరుతో పిలిస్తే, మళ్ళీ ఈ గడప తొక్కొద్దని అర్థమట."

"అయ్యో, నేను పిలిచింది తిండికే కదే!"

"నాకు తెలుసు. అతనికేం తెలుసు?"

అక్క చొక్కా తీసుకుని తొట్టి దగ్గర కూర్చుంది. సబ్బు పెట్టింది, నిమ్మకాయ రుద్దింది, ఎండలో వేసింది. ఊరందరి మరకలూ వదిలించిన చెయ్యి ఆ ఒక్కదాని దగ్గర ఓడిపోయింది. ఏడుపొచ్చింది. ఎవర్నీ తిట్టబుద్ధి కాలేదు. చివరికి చొక్కా అంచు మడత విప్పి, ముక్క కత్తిరించి, మరక మీద జేబు కుట్టింది.

బయట బెంచీ మీద కూర్చున్న అతనికి చొక్కా ఇచ్చింది. "నేను రమ్మన్నాన్రా నాయనా, పొమ్మనలేదు. నా నోరే అంత. తప్పయిపోయింది."

అతను జేబు తడిమాడు. లోపల ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే షట్టర్ తాళంచెవి.

"రేపట్నుంచి కొట్టు నువ్వే తియ్యాలి. నాకు నడుం నొప్పి," అంది అక్క, ఎటో చూస్తూ.

అతను తాళంచెవిని మళ్ళీ ఆ జేబులోనే వేశాడు. ఇన్నాళ్ళూ ఆమెని అమ్మగారూ అనేవాడు.

"షట్టర్‌ని తిట్టాలా అత్తయ్యా?"

"తిట్టకపోతే అది లేవదు."

అతను సంచి తీసుకుని లోపలికి వెళ్ళాడు. జేబు వెనక మరక ఉందో ఆరిందో, ఆ తర్వాత ఎవరూ విప్పి చూడలేదు.