ఎఫీకి చేసిన పియానో

ఎఫీ పెళ్లికి ముందు ఒక పెద్దింట్లో పనిమనిషి. ఆ ఇంటి అమ్మాయి ఆమెకు పియానో మీద రెండు పాటలు నేర్పింది. పెళ్లయ్యాక ఎఫీ వంటింటి బల్ల మీదే వేళ్లు ఆడిస్తూ ఆ పాటలు వాయించుకునేది. అది చూడలేకే ఆమె భర్త గిల్బర్ట్ మ్యూర్ బండిచక్రాల పని వదిలేసి, ఎడింబరోలో పియానోలు చేసేచోట కుదిరాడు.

"నా చేత్తో చేసిన మొదటిది నీకే" అన్నాడు.

సొంత కొట్టు పెట్టాక చేసిన మొదటిది ఇంటద్దె కింద పోయింది. తర్వాతవీ ఏదో ఒక అవసరానికి పోతూనే వచ్చాయి. ఎఫీ ఊళ్లోవాళ్ల బట్టలుతికి ఇల్లు నెట్టుకొచ్చింది. చన్నీళ్లలో నాని నాని ఆమె వేళ్ల కణుపులు వాచి, వంకర్లు తిరిగాయి.

జుట్టు నెరిశాక గిల్బర్ట్ ఒక పియానోను అమ్మకుండా ఇంటికి తెచ్చాడు. ఎఫీ దాని ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కబోతే మూడు కలిసి మోగాయి. మళ్లీ ప్రయత్నించి, చేతులు ఒళ్లోకి తీసేసుకుంది.

"ఆలస్యం చేశాను ఎఫీ."

"చేశావయ్యా" అంది, కోపం లేకుండానే. "పోనీ, నువ్వు వాయించు. వింటాను."

"నాకు పాటలెక్కడొచ్చు? శ్రుతి చేయడమే వచ్చు."

"అదే చెయ్యి."

తీగలన్నీ శ్రుతిలోనే ఉన్నాయి. అయినా గిల్బర్ట్ నిలబడి ఒక్కొక్క మెట్టే నొక్కుతూ పోయాడు. పక్కన ఆమె ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. అటు చూసే ధైర్యం లేక, చివరి మెట్టు దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు.