జాబితాలో ముగ్గురు యావ్ మనులు

మా గోల్డ్ కోస్ట్‌లో గురువారం పుట్టిన మగవాడు యావ్. తల్లికి రెండో కాన్పయితే మను. మా రోడ్డు పనిలో ముప్ఫై మందిమి ఉంటే ముగ్గురం యావ్ మనులం. ఒకణ్ణి పొడుగు యావ్ అనేవాళ్లు, ఇంకొకణ్ణి పొగాకు యావ్. నేను మాట్లాడను కనుక నాకు పేరేమీ పెట్టలేదు.

ఇదివరకు ఏడాదికోసారి తెల్లదొర వచ్చి మమ్మల్ని వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టి పోయేవాడు. ఒక ఏడు సర్కారు పద్ధతి బాగుచేసింది. కూలీల జాబితాలన్నీ రాజధాని అక్రా వెళ్లాలి, అక్కడ ఆడిటరు దొర బల్ల దగ్గర కూర్చుని ఒక్కో వరసా చూస్తాడు. లేని మనుషుల పేర్లు రాసి డబ్బు తినే గుమస్తాలు ఉండేవాళ్లు, అది నిజమే.

మా ఎస్సుమన్ గుమస్తా తినేవాడు కాదు. శనివారం కూలీ మా చేతిలో పెట్టి, వేలిముద్ర వేయించుకుని, సిరా తుడుచుకోవడానికి పాత గుడ్డ ఇచ్చేవాడు.

జూన్‌లో అక్రా నుంచి కాగితం వచ్చింది. ఒకే పేరు మూడుసార్లుంది, ముద్రలు మూడూ ఒకేలా అలుక్కుపోయాయి, కాబట్టి ఇద్దరు లేరు అని. గుమస్తాను పనిలోంచి ఆపారు. ఇద్దరి ఏడాది కూలీ తిరిగి కట్టాలి, లేదంటే జైలు.

ముగ్గురం జిల్లా దొర కచేరీ మెట్ల కింద నిలబడ్డాం. ఆయన మంచివాడే. మేం ముగ్గురమని రాసి పంపాడు. నెలకి జవాబొచ్చింది. దొర చూసింది లెక్కలోకి రాదట, జాబితాలో ఉన్నదే లెక్కట.

"మమ్మల్నే అక్రా పంపెయ్యండి బాబూ. ఆ బల్లమీద కూర్చుంటాం," అన్నాడు పొడుగు యావ్ ఎస్సుమన్ గుమస్తాతో.

"మీరు ముగ్గురూ కూర్చున్నా ఆయనకి ఒక్కడే కనిపిస్తాడు లేవయ్యా."

"పక్కన ఊరి పేరైనా రాయకపోయారా?" అన్నాడు పొగాకు యావ్.

"పేరుకి ఒక్కటే గడి ఇచ్చారు. మీ అమ్మలు పెట్టిందే రాశాను."

గుమస్తా తన భార్య కుట్టుమిషను కూడా అమ్మి డబ్బు కట్టాడు. జైలు తప్పింది, ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఊరు విడిచి వెళ్లే రోజు లారీ దగ్గర, "యావ్, ఆ పెట్టె అందుకో," అన్నాడు. ముగ్గురం వంగాం. ఎవరూ నవ్వలేదు.

కొత్త గుమస్తా జాగ్రత్తపరుడు. ఏ పేరూ రెండోసారి రాకూడదన్నాడు. ముందు నిలబడ్డ పొడుగు యావ్‌కి వాడి పేరు దక్కింది. నా వంతుకి కోఫీ అన్నాను. అది శుక్రవారం పుట్టినవాడి పేరు. ముద్ర వేసి, వేలు నిక్కరుకి తుడుచుకున్నాను.

ఆ నెల జాబితా అక్రాలో ఏ తప్పూ లేకుండా పాసయింది.

అమ్మకి చెప్పలేదు.